ఏడు గళ్ల కాగితం: నా అనుభవం

మనసులో గిర్రున తిరిగే మాటను కాగితం మీద పెట్టడం కౌన్సెలర్ దగ్గర నేర్చుకున్నాను. దీన్ని థాట్ రికార్డ్ అంటారు. 1960లలో ఆరన్ బెక్ అనే మనోవైద్యుడు అమెరికాలో మొదలుపెట్టిన కాగ్నిటివ్ థెరపీలోది, అంటే ఆలోచనలను పరీక్షించి బాధ తగ్గించే చికిత్సలోది. నోటుబుక్కును అడ్డంగా తిప్పి ఏడు గళ్లు గీసుకుంటే చాలు.

మొదటి గడిలో జరిగింది మాత్రమే రాయాలి. "రాత్రి 9కి మేనేజర్ 'రేపు మాట్లాడదాం' అని మెసేజ్ పెట్టారు." ఇక్కడే చాలామంది "కోపంగా పెట్టారు" అని రాస్తారు. మెసేజ్‌లో కోపం లేదు, అది మనం కలిపింది. మన బాధలో పెద్ద వంతు ఇలా కలిపినదే.

రెండో గడిలో భావం, దానికి 100కి ఎన్ని మార్కులు: భయం 80, సిగ్గు 60. మూడో గడిలో ఆలోచన. "ఏమవుతుందో?" అని రాయకూడదు, ప్రశ్నకు సాక్ష్యం వెతకలేం. దాని జవాబు రాయాలి: "ఉద్యోగం పోతుంది." తర్వాత "అదే నిజమైతే, నా గురించి ఏమని అర్థం?" అని మూడు నాలుగుసార్లు అడుగుతూ పోతే అడుగున ఒక చిన్న వాక్యం తగులుతుంది: "నేను పనికిరాను." పరీక్షించాల్సింది దాన్నే. పైపై మాటకు సమాధానం చెప్పుకుంటే మర్నాడు ఇంకో వేషంలో వస్తుంది.

నాలుగులో ఆ వాక్యానికి సాక్ష్యాలు, అయిదులో దానికి ఎదురు సాక్ష్యాలు. "నాకలా అనిపిస్తోంది" సాక్ష్యం కాదు. అయిదో గడి మొదట్లో ఖాళీగా ఉండిపోతుంది. దిగులుగా ఉన్నప్పుడు దిగులు సంగతులే గుర్తొస్తాయి మరి. నాకు పనికొచ్చిన ప్రశ్న: ఇదే మాట స్నేహితులెవరైనా తమ గురించి అనుకుంటే నేనేం చెబుతాను? మూడు వాక్యాలైనా వచ్చేదాకా లేవకూడదు.

ఆరో గడిలో, రెండు వైపుల సాక్ష్యాలూ చూశాక తేలిన మాట. "అంతా మంచే జరుగుతుంది" అని రాస్తే మనసు నమ్మదు. "పోయిన నెల రిపోర్టు ఆలస్యమైంది, దాని గురించే కావచ్చు. ఒక్క ఆలస్యంతో మనిషి పనికిరానివాడు కాడు" అంటే నమ్ముతుంది. చివరి గడిలో మళ్లీ మార్కులు. 80 కాస్తా 55 అయితే చాలు, సున్నా కోసం చూడొద్దు. అసలు తగ్గకపోతే, ఒకటి: అడుగు వాక్యం దొరకలేదు. రెండు: సమస్య నిజమైనదే, అప్పుడు కావలసింది పరిష్కారం.

పడక మీద ఈ గళ్లు నింపకూడదు. రాత్రి వచ్చిన చింతను ఒక్క ముక్కలో రాసిపెట్టి, మర్నాడు సాయంత్రం 6 నుంచి 6:30 దాకా దానికోసమే కూర్చోవాలి.

మరి ఈ పని మనం ఏళ్ల తరబడి ఎందుకు చెయ్యం? ఒకే ఆలోచనను నెమరువేయడం సమస్యను తేల్చుతున్నట్టే అనిపిస్తుంది. తిట్టుకోకపోతే బద్ధకించిపోతామన్న భయం కూడా ఉంటుంది. ఇంకో చిక్కు, "నేను బాగానే చేశానా?" అని ఇంట్లోవాళ్లను పదిసార్లు అడగడం. కాసేపు హాయిగా ఉంటుంది, తర్వాత అనుమానం మరింత బలంగా వస్తుంది. ఎవరో ఒకరు చెబితే తప్ప దాన్ని భరించలేనని మనసు నేర్చుకుంటుంది. అందుకే ముందు కాగితం, తర్వాతే మనిషి.

రెండు వారాలుగా నిద్ర, తిండి సరిగా లేకపోయినా, చావు ఆలోచనలు వచ్చినా కాగితాన్ని పక్కనపెట్టి డాక్టరును కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.