మృగశిరకు ముందు చెక్ చైన్ల పని

శనివారం, రాత్రి.

పొద్దుటి నుంచి మొగులు పట్టే ఉంది గానీ చినుకు రాలలేదు. రోహిణి కార్తె చివరికొచ్చింది. చేవెళ్ల, మొయినాబాద్, మహేశ్వరం వైపు ట్రాక్టర్లన్నీ ఒక్కసారే రిపేరుకు దిగే రోజులివి. ఇంజన్ ఆయిల్, క్లచ్, బ్యాటరీ అడిగి మరీ చూపించుకుంటారు. వెనక పనిముట్టును మోసే రెండు కింది చేతుల (లోయర్ లింకుల) పక్కన వేలాడుతూ, పనిముట్టు పక్కలకు మరీ ఊగకుండా ఆపే రెండు చెక్ చైన్ల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఈరోజు పేజీ వాటికే.

వదులు రెండు రకాలు. మనం కావాలని ఇచ్చేది ఒకటి, దానంతట అది వచ్చేది ఇంకొకటి. మొదటిది పనికి అవసరం. రెండోది అరిగిన పిన్ను, జారిన నట్టు, సాగిన చైను వల్ల వస్తుంది. చైను టకటక కొడుతోందనగానే టర్న్ బకిల్ (తిప్పితే చైను పొడవు పెరిగి తగ్గే మర) పట్టుకుని చేతిలో ఉన్న బలమంతా పెట్టి బిగించేస్తారు. ఆ దెబ్బకు ఉండాల్సిన వదులు పోతుంది, ఉండకూడనిది ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఉండాల్సిన వదులు ఎందుకో లింకులను పైనుంచి చూస్తే తెలుస్తుంది. లోయర్ లింకులు రెండూ సమాంతరంగా ఉండవు. ముందుకు పోయేకొద్దీ దగ్గరవుతాయి. 1939లో ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టరు మీద వచ్చిన ఫెర్గూసన్ లింకేజీ నుంచి నేటి బండ్ల దాకా అమరిక ఇదే. ఆ రెండు గీతల్నీ ఊహలో పొడిగిస్తే ట్రాక్టరు ముందు వైపు ఒకచోట కలుస్తాయి. నాగలి రాయి తగిలి పక్కకు జరిగినా లాగే బలం ఆ బిందువు వైపే ఉంటుంది కాబట్టి మళ్లీ మధ్యకు వచ్చేస్తుంది. చైన్లు తీగలా బిగించి ఉంటే అది రాలేదు. పక్క బలమంతా ఇరుసు హౌసింగ్ మీదున్న బ్రాకెట్ బోల్టుల మీద పడుతుంది, స్టీరింగ్ ఒక వైపు లాగుతుంది, సాలు వంకర పోతుంది.

అందుకే ఎంబీ నాగలికీ (మట్టిని తిరగేసే రెక్క నాగలి) గొర్రుకీ ఒక్కో పక్కకు 50 మి.మీ. దాకా ఊగే వీలుండాలి. రోటవేటర్ లెక్క వేరు. దాని కత్తులను తిప్పే పీటీఓ షాఫ్టు (ఇంజన్ బలాన్ని పనిముట్టుకు అందించే కడ్డీ) నిమిషానికి 540 చుట్లతో తిరుగుతుంటుంది. రోటవేటర్ ఊగితే షాఫ్టు మధ్య గీత తప్పి కీళ్లలోని క్రాస్ బేరింగులు తినేస్తుంది, పక్కనున్న గేర్ కవరు టైరు గోడను గీరుతుంది. చేత్తో గట్టిగా నెడితే ఒక వేలి మందం కదిలితే చాలు, అంతకంటే వద్దు. విత్తనాల డ్రిల్లు, బూమ్ స్ప్రేయర్ కూడా ఇలాగే. నాగలి నుంచి రోటవేటర్‌కు మారిన ప్రతిసారీ చైన్లు మళ్లీ సరిచేయాల్సిందే. ఒకసారి పెట్టి వదిలేసే పని కాదు.

కొత్త బండ్లలో చైన్ల బదులు టెలిస్కోపిక్ స్టెబిలైజర్ పైపులు వస్తున్నాయి. వాటిలో గుండ్రటి రంధ్రాలు, పొడవాటి గాడి రెండూ ఉంటాయి. పిన్ను గుండ్రటి రంధ్రంలో వేస్తే పైపు కదలదు, గాడిలో వేస్తే ఊగుతుంది. రోటవేటర్‌కు మొదటిది, నాగలికి రెండోది. రంధ్రాలు కలవలేదని సన్న బోల్టు దూర్చడం మాత్రం పనికిరాదు. అది కొద్ది రోజుల్లోనే రంధ్రాన్ని కోడిగుడ్డు ఆకారానికి తెస్తుంది.

సరిచేసే వరస. బండి చదును నేల మీద ఉండాలి, టైర్లు రెండింట్లో గాలి సమానంగా ఉండాలి. పనిముట్టు తగిలించి నేలకు ఆనేదాకా దించి ఇంజన్ ఆపేయాలి. హైడ్రాలిక్ మీద ఎత్తి ఉంచి కింద చేతులు పెట్టే పని ఎవరు చేసినా తప్పే. లోయర్ లింకు కొన నుంచి టైరు లోపలి అంచు దాకా రెండు వైపులా టేపుతో కొలవాలి. తేడా ఉంటే ఎక్కువ చోటున్న వైపుకు జరపాలి. ఆ వైపు చైను బిగించే ముందు రెండో వైపుది వదలాలి. ఇది మరచి రెండూ ఒకదానికొకటి లాగేలా తిప్పితే టర్న్ బకిల్ థ్రెడ్డే తెగుతుంది. మధ్యకు వచ్చాక పనిముట్టుకు తగిన వదులిచ్చి, చెక్ నట్లు (బకిల్ తిరగకుండా ఆపే నట్లు) దానికి ఆనేలా బిగించాలి. టైరుకీ లింకుకీ మధ్య అరచేయి అడ్డంగా పట్టేంత చోటు మిగలాలి.

అక్కడితో కాలేదు. చాలామంది ఆపేసేది ఇక్కడే. చైను ముందు కొస బిగిసిన చోటు, లోయర్ లింకు తిరిగే పిన్ను ఒకే గీతలో ఉండవు. కొన్ని బండ్లలో చైను కొస కొంచెం కిందికో వెనక్కో ఉంటుంది. దాంతో లింకు పైకి లేచేకొద్దీ చైను బిగుసుకుంటుంది. కింద వదులుగా కనిపించిందే పైకి వెళ్లేసరికి వింటినారిలా అవుతుంది. 45, 50 హెచ్‌పీ బండి లిఫ్టు 1,500 కిలోలకు పైగా ఎత్తుతుంది. ఆ బలానికి చైనో బ్రాకెట్టో ఒకటి పోవాల్సిందే. అందుకని సర్దాక ఇంజన్ స్టార్టు చేసి, చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసి, మెల్లగా పూర్తి ఎత్తుకు లేపాలి. సగంలోనే చైను బిర్రుగా అయితే దించి, మళ్లీ వదలాలి.

ఇక రెండో రకం వదులు. టర్న్ బకిల్‌లో ఒక కొస కుడి థ్రెడ్డు, రెండో కొస ఎడమ థ్రెడ్డు. ఎడమ థ్రెడ్డు కొసనున్న చెక్ నట్టు తిరిగేది కూడా ఎదురు దిశలోనే. అది తెలియక పానాతో ఉల్టా తిప్పి నట్టు పాడు చేస్తారు. చెక్ నట్టు బిగించకపోతే గొర్రు కదలికకే బకిల్ దానంతట అది తిరుగుతుంది. పొద్దున పెట్టిన 50 మి.మీ. సాయంత్రానికి 80 అవుతుంది. బకిల్‌లోకి దిగే రాడ్డు 20 మి.మీ. మందమైతే కనీసం 20 మి.మీ. పొడవు లోపల ఉండాలి. బకిల్ బాడీ కిటికీలోంచి రాడ్డు కొస కనిపించకపోతే ఆ చైను పొడవు మీ బండికి సరిపోలేదనే అర్థం.

బ్రాకెట్ బోల్టులు 8.8 గ్రేడువే వాడాలి, తల మీద ఆ అంకె పోసి ఉంటుంది. మామూలు 4.6 బోల్టు బలం అందులో సగమే. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, తేడా తెగినప్పుడే తెలుస్తుంది. 16 మి.మీ. 8.8 బోల్టును నూనె లేకుండా సుమారు 200 న్యూటన్ మీటర్లకు బిగించాలి. మీటరు పొడవు పైపు చివర దాదాపు 20 కిలోల బలం అన్నమాట. మాన్యువల్లో వేరే అంకె ఉంటే అదే పాటించాలి. థ్రెడ్డు మీది గ్రీజు పెట్రోలు గుడ్డతో తుడిచి, నీలం రంగు లాక్‌టైట్ (నట్టు వదులవకుండా పట్టే జిగురు) చుక్క వేయాలి. పని మొదలైన పది గంటలకు ఒకసారి బిగుతు చూసి, తర్వాత 50 గంటలకోసారి చూస్తే చాలు. నట్టు మీద నుంచి బ్రాకెట్ మీదికి గోళ్ల రంగుతో ఒక గీత గీస్తే ఇంకా మేలు. గీత విరిగినట్టు కనిపిస్తే నట్టు తిరిగిందని దూరం నుంచే తెలుస్తుంది. నైలాక్ నట్టు ఒకసారి విప్పితే మళ్లీ వాడొద్దు, అందులోని నైలాన్ రింగు పట్టు పోయి ఉంటుంది.

పిన్నుల దగ్గరే తప్పులు ఎక్కువ. పనిముట్టు తగిలించే పిన్నులకు కొలతను బట్టి కేటగిరీలుంటాయి: కేటగిరీ 1 లోయర్ పిన్ను 22 మి.మీ., కేటగిరీ 2 పిన్ను 28 మి.మీ. లింకు కొసనున్న పెద్ద బాల్ రంధ్రంలో చిన్న పిన్ను వేస్తే ఆరు మిల్లీమీటర్ల పైనే ఆట. చైన్లు ఎంత సరిచేసినా ఆ ఆట పోదు. 22కు 28 బుష్ దొరుకుతుంది, అది వేసుకోవాలి. 22 ఉండాల్సిన పిన్ను ఎక్కడైనా 20కి దిగితే మార్చడమే.

లించ్ పిన్ను (లోయర్ పిన్ను జారకుండా చివర వేసే, రింగున్న తాళపు పిన్ను) బదులు మేకు, బైండింగ్ వైరు, సలాక ముక్క పెట్టడం ప్రతి ఊళ్లో ఉంది. మేకు రెండు రోజులు ఆగినట్టే ఉంటుంది, గట్టి దుక్కిలో వంగి బయటికి వచ్చేస్తుంది. లోయర్ పిన్ను జారితే రోటవేటర్ ఒక మూల కూలబడి షాఫ్టు వంగిపోతుంది. లించ్ పిన్ను ధర ఒక భోజనం ఖర్చు దాటదు. రింగు టప్పుమని అవతలికి పడేంత బలం లేకపోతే, అంటే స్ప్రింగు మెత్తబడితే, పారేయాలి. పత్తి కట్టె ఉన్న చేలో కట్టెలు రింగును తట్టి ఎత్తేస్తాయి. కాబట్టి రింగు మూసుకునే వైపు వెనక్కి ఉండేలా తిప్పి వేయాలి. చిన్న గొలుసుతో లింకుకు కట్టేస్తే పోగొట్టుకునే బాధ కూడా ఉండదు.

చైను లింకు తెగితే వెల్డింగ్ చేయించొద్దు. కాల్చి గట్టిపరిచిన ఉక్కు అది. వెల్డింగ్ వేడికి అతుకు పక్కన మెత్తబడుతుంది లేదా పెళుసవుతుంది, తర్వాత తెగేది సరిగ్గా అక్కడే. 10 మి.మీ. కడ్డీ చైను 9కి అరిగినా తీసేయాల్సిందే. షాకిల్ (పిన్నుతో మూసే యూ ఆకారపు కొక్కెం) వేసి కలిపితే దాని పిన్ను కన్నులోంచి జీఐ తీగ తిప్పి కట్టాలి, లేదంటే వారంలోపు ఊడుతుంది.

ఎండాకాలం మన శివారుల్లో నీళ్ల ట్యాంకర్లు లాగే ట్రాక్టర్ల సంగతి కూడా రాసుకోవాలి. వెనక పనిముట్టు ఉండదు, లోయర్ లింకులు ఖాళీగా వేలాడతాయి. ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా అవి ఊగి టైరును కొడతాయి. చూస్తుండగానే టైరు లోపలి గోడ నల్లగా నునుపెక్కుతుంది. రోడ్డెక్కే ముందు లింకులు పైకెత్తి చైన్లు బిగించి, రెండు లింకుల్నీ కలిపి కట్టేస్తే ఆ గొడవ ఉండదు. ట్యాంకరు పని అయిపోయి పొలానికి దిగేటప్పుడు మళ్లీ వదలాలి.

రేపు ఆదివారం. సోమవారం సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి తేవాల్సినవి: 11 మి.మీ. లించ్ పిన్నులు రెండు డజన్లు, 22కు 28 బుష్‌లు ఆరు, 16 మి.మీ. 8.8 బోల్టులు ఇరవై, వాటికి నైలాక్ నట్లు, ఎడమ థ్రెడ్డు చెక్ నట్లు పది. చివరివి ఒక్కోసారి రెండు మూడు కొట్లు తిరిగితేగానీ దొరకవు, పొద్దున్నే బయల్దేరాలి.