తాతగారి దర్వాజ, మూడు మూలల సాండర్: నా అనుభవం

నకిరేకల్ దగ్గర మా ఊళ్లోని పాత ఇంటిని కూల్చినప్పుడు, మా తాతగారు చేయించిన టేకు దర్వాజను కొత్త ఇంటికి వాడుకోవాలని జాగ్రత్తగా ఊడదీయించి పెట్టుకున్నాము. రెండు రెక్కల తలుపు అది. ఒక్కొక్క రెక్కకు నాలుగు పలకలు, ప్రతి పలక చుట్టూ సన్నని గాడి, చౌకట్టు పై మూలల్లో చెక్కిన తామరపువ్వులు ఉన్నాయి. వాటన్నింటి మీద నీలం, ఆకుపచ్చ, గోధుమ రంగుల్లో మూడు పొరల ఎనామిల్ పట్టి ఉంది. రంగు తీసి కర్రను మళ్లీ కంటికి కనిపించేలా చేయాలన్నది నా కోరిక.

మొదట తొందరపడి గ్రైండర్‌కు ఉప్పు కాగితపు డిస్కు బిగించి ఒక పలక మీద పెట్టాను. రెండు నిమిషాల్లో కర్రలో అర్ధచంద్రాకారపు గుంట పడింది, అది ఇప్పటికీ వేలికి తగులుతుంది. ఆ తరువాత తెలిసినవారి దగ్గర 125 మిల్లీమీటర్ల గుండ్రటి ఆర్బిటల్ సాండర్ (ఉప్పు కాగితం అంటించిన ప్యాడ్‌తో కర్రను రుద్ది నునుపు చేసే యంత్రం) తెచ్చి నడిపితే, చదునైన చోట పని చక్కగా సాగింది. కానీ గుండ్రటి ప్యాడ్ పలక మూలలోకి వెళ్లదు కదా! ఎనిమిది పలకలకు ముప్పై రెండు మూలలు. వాటిని చేతితో రుద్దితే ఎన్ని రోజులు పడుతుందో లెక్క వేసుకున్నాకే మూడు మూలల సాండర్ గురించి ఆలోచించాను.

నల్లగొండలోనూ, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనూ దుకాణాల్లో చూస్తే, ఒకే పేరుతో రెండు వేర్వేరు యంత్రాలు అమ్ముతున్నారు. ఒకటి కేవలం నునుపు చేయడానికే తయారైన డిటైల్ సాండర్. దీని ప్యాడ్ తిరగదు, మొత్తం ప్యాడ్ ఒకటి రెండు మిల్లీమీటర్ల చిన్న వలయంలో నిమిషానికి సుమారు పది పన్నెండు వేల సార్లు కదులుతుంది. రెండవది మల్టీటూల్. దానికి బ్లేడు బిగిస్తే కోస్తుంది, మూడు మూలల ప్యాడ్ బిగిస్తే రుద్దుతుంది. అది ఒక ఇరుసు మీద కుడికి ఎడమకు సుమారు మూడు డిగ్రీల మేర ఊగుతుంది. ఈ ఊగే పద్ధతికి మూలం ఆసుపత్రిలో ఉంది. 1967లో జర్మనీకి చెందిన ఫైన్ సంస్థ విరిగిన ఎముకకు వేసే పిండికట్టు కోయడానికి ఇలాంటి రంపాన్ని చేసింది. గట్టి పిండికట్టును కోసే ఆ పళ్లు మెత్తని చర్మానికి తగిలితే, ఆ చిన్న ఊపుకు చర్మం కూడా వాటితో పాటే కదులుతుంది కాబట్టి సులభంగా తెగదు.

ఈ కదలికల తేడాయే నా నిర్ణయాన్ని మార్చింది. ఊగే ప్యాడ్‌లో ఇరుసు దగ్గరి భాగం దాదాపు కదలదు, మొనలే ఎక్కువ కదులుతాయి. అందువల్ల మూలలో ఉన్న గట్టి పొరను మల్టీటూల్ త్వరగా తీస్తుంది గానీ, పలక మొత్తాన్ని దానితో సమంగా చేయడం కష్టం. నాకు ఈ దర్వాజ ఒక్కటే కాదు, వంటింటి అల్మారా కూడా మిగిలి ఉంది కాబట్టి డిటైల్ సాండర్‌నే తీసుకున్నాను. తలుపు అడుగున ముక్క కోయడం వంటి పనులు కూడా ఉన్నవారికి మల్టీటూల్ మేలు.

కొనే ముందు అందరూ మోటారు శక్తి అడుగుతారు, నేను మాత్రం విడి ప్యాడ్ దొరుకుతుందా అని అడగమంటాను. యంత్రంలో అన్నిటికన్నా ముందు అరిగేది ప్యాడ్ మొనే. దానితో పాటు కాగితం కొలత చూడాలి. నా యంత్రానికి పట్టే 93 మిల్లీమీటర్ల కాగితం వేరే కంపెనీలదీ దొరుకుతుంది. కాగితం రంధ్రాలూ ప్యాడ్ రంధ్రాలూ ఒకదానిపై ఒకటి కూర్చోవాలి, లేకపోతే దుమ్ము సంచిలోకి పోకుండా కాగితం కిందే పేరుకుని కర్ర మీద చుట్లు చుట్లుగా గీతలు పెడుతుంది.

ఇక పాత రంగు సంగతి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90 వంతులు) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. మా తలుపు రంగులు అంతకు ఎంతో ముందువి, వాటిలో విషమైన సీసం ఎక్కువగా ఉండవచ్చు. ఆ రంగును యంత్రంతో పొడిగా రుద్దితే ఆ ధూళి ఇంటి పిల్లల ఊపిరిలోకి వెళ్తుంది. అందుకని రంగు మెత్తబరిచే ద్రావణం పూసి, పట్టీతో గీకి, మిగిలింది తడి కాగితంతో చేత్తో తీసి, ఆ చెత్తను కట్టి వేరుగా పారవేశాను. కర్ర పూర్తిగా బయటపడి ఆరాకే కొత్త యంత్రం పట్టాను. కర్ర దుమ్ము కూడా క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది కాబట్టి ఎన్95 మాస్కు లేకుండా ఒక్క నిమిషం కూడా నడపలేదు.

గరుకైన 80 నంబరు కాగితంతో మొదలుపెట్టి 120, 180, చివరికి నునుపైన 220 వరకు వరుసగా వెళ్లాను. మొదటి రోజు మూలలో త్వరగా అవుతుందని మొనను గట్టిగా ఒత్తాను. వేడికి ప్యాడ్ మీద కాగితాన్ని పట్టి ఉంచే వెల్క్రో కొక్కేలు కరిగిపోయాయి, ఆ మొన దగ్గర కాగితం నిలవడం మానేసింది. చౌకట్టు బిగించడానికి వచ్చిన వడ్రంగి పెద్దాయన అది చూసి, "గట్ల ఒత్తకు బిడ్డా, దాని బరువు దానికి సాలు, నువ్వు ఉత్తగ పట్టుకుని నడిపియ్యి" అన్నారు. కొత్త ప్యాడ్ వేశాక ఆయన చెప్పినట్టే చేశాను, కాగితం మొన అరగగానే తిప్పి రెండో మొనను వాడుకున్నాను. ఇరవై నిమిషాలకు చేయి తిమ్మిరెక్కేది, అప్పుడు ఆపి, పక్క నుంచి టార్చి వేసి గీతలు వెతికేవాడిని. ఎదురుగా వేసే వెలుతురులో అవి కనిపించవు.

తామరపువ్వుల లోపలికి ఏ యంత్రమూ పోలేదు. వెదురు పుల్లకు 180 కాగితం చుట్టి రేకు రేకునూ రుద్దాను, ఒక్కొక్క పువ్వుకు ఒక పూట పట్టింది. చివరికి తడిబట్టతో తుడిచి, లేచిన నూగును 220తో తేలికగా తీసి, టేకులోని నూనె వార్నిష్‌ను పట్టనివ్వదు కాబట్టి థిన్నర్‌తో తుడిచి రెండు పూతలు వార్నిష్ వేశాను. గడపకు మాత్రం యంత్రం పెట్టలేదు. మా నాయనమ్మ వారం వారం రాసిన పసుపు ఆ కర్ర ఈనెల్లోకి ఇంకిపోయి ఉంది, దాన్ని పొడి బట్టతో తుడిచి అలాగే బిగించాము.