లాభం, రెండు, మూడు

మా చిన్నదాని యూకేజీ డైరీలో జూలైలో ఒక నోట్ వచ్చింది. పాప అంకెలు సరిగ్గా చెప్పడం లేదట. ఒకటికి బదులు లాభం అంటోందట. ఇంట్లో రోజూ ప్రాక్టీస్ చేయించమని రాసి కింద సంతకం. చదవగానే నవ్వొచ్చింది. మావారికి చూపిస్తే ఆయన నాకన్నా ఎక్కువ నవ్వారు. రాత్రి పడుకున్నాక మాత్రం కొంచెం సిగ్గేసింది. నేనూ పంతులమ్మనే కదా. శ్రీకాకుళం నుంచి రోజూ బస్సెక్కి వెళ్ళి ఒక చిన్న ఊళ్ళో ఒకటి, రెండు తరగతులకి చెప్పే ఎస్జీటీని. ఇన్నేళ్ళ సర్వీసులో ఎంతమంది తల్లుల్ని పిలిచి ఇలాంటి మాటే చెప్పానో. ఆ పిల్లలు దాన్ని ఎవరి పక్కన కూర్చుని నేర్చుకున్నారో ఒక్కసారీ అడగలేదు.

మా దాని లాభం ఎక్కడిదో నాకు తెలుసు. మా అత్తగారిది. గింజలు కొలిచేటప్పుడు మొదటి కొలతని ఎవరూ ఒకటి అనరు, లాభం అనే మొదలుపెడతారు. వేసవి సెలవులన్నీ మా చిన్నది ఆవిడ పక్కన పీట వేసుకుని కూర్చుంది. విన్నదే అంది.

ఆ సెలవులకి ముందు నేనొక పని చేశాను, చెప్పేస్తాను. ఆన్‌లైన్లో పన్నెండు వందలు పెట్టి పిల్లల యాక్టివిటీ బాక్స్ ఒకటి కొన్నాను. ప్లాస్టిక్ పళ్ళు, రంగు రింగులు, అంకెల పలక. "ఆడుతూ పాడుతూ గణితం" అని మూత మీద రాసుంది. రెండు రోజులు ఆడింది. ఇప్పుడు ఆ డబ్బాలో మా అత్త బీర విత్తనాలు, ఆనప విత్తనాలు దాచుకుంటోంది. డబ్బా మాత్రం చాలా గట్టిది.

మా అత్తవారిది నరసన్నపేట దాటాక లోపలికి ఒక ఊరు. వాళ్ళ వంటింట్లో ఇంకా కిలోల లెక్క పూర్తిగా రాలేదు. బియ్యం సోలతోనే తీస్తారు. గిద్ద, సోల, తవ్వ ఇత్తడివి. కుంచం ఇనుపది, దాని అంచు ఒకచోట సొట్టపోయింది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు కుంచం. ఈ లెక్క నాకు చిన్నప్పుడు నోటికి వచ్చేది, మధ్యలో పోయింది, మళ్ళీ వచ్చింది.

ఒకరోజు సాయంత్రం మా అత్త పిల్లలిద్దరికీ మురీలు, అదే మరమరాలు, పెట్టింది. మా మరిది కొడుక్కి ఎనిమిదేళ్ళు, మా దానికి అప్పటికి ఐదు నిండి రెండు నెలలు. తలా ఒక సోల కొలిచి, వాడికి పొడుగు స్టీలు గ్లాసులో, దీనికి వెడల్పాటి గిన్నెలో పోసింది. గ్లాసు అంచుదాకా వచ్చింది. గిన్నెలో అడుగున పరుచుకుంది. అంతే, ఏడుపు.

"అన్నకి ఎక్కువేసినావు!"

మా అత్త ఏమీ అనలేదు. గిన్నెలోవి సోలలోకి తిరగబోసింది. సరిగ్గా అంచుదాకా వచ్చాయి. గ్లాసులోవి తీసుకుని సోలలో పోసింది. అవీ అంచుదాకా. "సూసినావా, రెండూ సోలే." చిన్నది చూసింది, తలూపింది. మళ్ళీ గ్లాసులో పోయగానే దాని పెదవి వంకరపోయింది. ఇప్పుడు అన్నకే ఎక్కువ.

అక్కడ నాలోని టీచరు లేచింది. చూడమ్మా, కొలత ఒకటే కదా, గిన్నె వెడల్పు కదా, గ్లాసు సన్నం కదా అని మూడుసార్లు చెప్పాను. మూడోసారికి అది నా మొహం చూసి "సమానం" అంది. సమానమని తెలిసి అనలేదు. నేను వదిలేస్తానని అంది. ఆ మొహం నాకు బాగా తెలుసు, మా క్లాసులో రోజూ చూస్తాను.

"ఓలమ్మా, ఆ గుంటకి ఒగ్గేవే," అంది మా అత్త. "సోల దాని సేతికిచ్చీసి నువ్వు అవతలకి ఎల్లు. అదే కొలుసుకుంటాది."

ఇక్కడొక సంగతి. నేను డీఎడ్, అంటే టీచరు ట్రైనింగు, వమరవల్లి డైట్ కాలేజీలో చేశాను. పియాజే అని స్విట్జర్లాండ్ ఆయన, పిల్లలు ఎలా ఆలోచిస్తారో గ్లాసులూ నీళ్ళూ పెట్టుకుని కనిపెట్టినాయన. రెండు నుంచి ఏడేళ్ళు పూర్వ ప్రచాలక దశ, ఆ దశలో పదిలపరచుకునే భావన ఉండదు, తర్వాత మూర్త ప్రచాలక దశ. టీచరు ఉద్యోగాల పరీక్ష డీఎస్సీకి దీన్ని నిద్రలో లేపి అడిగినా చెప్పేలా బట్టీ పట్టాను. ఒక్క మార్కు బిట్టు అది. పాత్ర మారినా పరిమాణం మారదని పిల్లవాడికి ఇంకా తెలియదు, అదీ అర్థం. నోట్సులో గ్లాసు బొమ్మ కూడా వేసుకున్నాను. ఆ బొమ్మలోని పిల్ల మా ఇంట్లో కూర్చుని ఏడుస్తుంటే మాత్రం, మూడుసార్లు చెబితే వచ్చేస్తుందనుకున్నాను.

అవతలకి వెళ్ళాను. నాకు చాలా కష్టమైన పని అది. తర్వాత పది పన్నెండు రోజులు ఆ పిల్ల ఆ సోలని వదల్లేదు. పెరట్లో ఇసుక, తొట్లో నీళ్ళు, వడ్ల ఊక, ఏది దొరికితే అది. గిద్దతో సోల నింపడం, సోలతో చెంబు నింపడం, మళ్ళీ గుమ్మరించడం. ప్రతిసారీ పైకి లెక్క, లాభం నుంచే. ఒకరోజు తనే వచ్చి చెంబులో ఐదు సోలలు పడతాయంది. వెళ్ళి కొలిచాను. నాలుగున్నర. ఆ అర కూడా దానికి తెలుసు, చివరి సోలలో సగం మిగిలిపోయిందని చేత్తో చూపించింది. అరని ఎలా చెప్పాలో తెలియక ఐదు అంది.

జూన్ 12న బడి తెరవగానే ఆ సామానే బడికి పట్టుకుపోయాను. అత్త పాత సోల ఒకటి, రెండు గిద్దలు ఇచ్చింది, పోతే ఊరుకోనని చెప్పి మరీ. మా బడిలో ఒకటి, రెండు కలిపి పదిహేడు మంది, ఒకే గది. శనివారం పుస్తకాల సంచి లేని రోజు కాబట్టి బోరింగు దగ్గర ఇసుక పోయించాను. ఒక బకెట్టు పెట్టి, ఎన్ని సోలలు పడుతుందో ముందు అనుకుని సిమెంటు గట్టు మీద సుద్దతో రాయండి, తర్వాత కొలవండి అన్నాను. ఒకడు వంద రాశాడు. ఒకమ్మాయి రెండు రాసింది. అక్కడిదాకా ఏ బడిలోనైనా ఇంతే.

రెండు జట్లు ఒకే బకెట్టుని కొలిచాయి. ఒక జట్టుకి ఇరవై ఆరు వచ్చింది, ఇంకో జట్టుకి ముప్పై ఒకటి. గొడవ. "మీరు తొండి." "మీరే తొండి." నేను నోరు తెరవబోయి మా అత్తని తలచుకుని మూసుకున్నాను. పావుగంట అరుచుకున్నాక మళ్ళీ కొలవడం మొదలుపెట్టారు, ఈసారి ఒకళ్ళది ఒకళ్ళు చూస్తూ. అప్పుడు ఒక సన్నటి పిల్లాడు, మామూలుగా అసలు మాట్లాడడు, వేలు చూపించి అన్నాడు: "టీచర్, ఆల్లు గోపురం పోస్తన్నారు." నిజమే. ఒక జట్టు సోల మీద గోపురంలా పొర్లేదాకా పోస్తోంది, ఇంకో జట్టు అరచేత్తో అంచుకి సరిగ్గా తలకొట్టి పోస్తోంది. తలకొట్టి పోస్తేనే ఎక్కువసార్లు పొయ్యాలి అన్నది వాళ్ళకి అప్పుడు వెలిగింది. ఇక అక్కణ్ణుంచి ఎలా పొయ్యాలో వాళ్ళే ఒక చట్టం చేసుకున్నారు. గోపురం పోస్తే లెక్కలోకి రాదు. ప్రమాణం అనే మాట నేను బోర్డు మీద రాయడానికి రెండు వారాలు పట్టింది, అప్పటికి వాళ్ళకి దాంతో పని లేదు.

అన్నీ ఇలా జరగలేదు. చింతగింజలతో పదుల కట్టలు అని ఒకటి పెట్టాను, పది నిమిషాల్లో అది పచ్చీసుగా మారిపోయింది, సరే ఆడుకోండన్నాను. వామనగుంటలు కూడా తెచ్చాను, పద్నాలుగు గుంటలు, గుంటకి ఐదు గింజలు. అది ఆడపిల్లలు నాకన్నా బాగా ఆడతారు. పొందూరు దగ్గరే కదా అని ఒకసారి నూలు వడికే చోటికి తీసుకెళ్ళాను. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. పిల్లలు ఆ పళ్ళు ముట్టుకుని చూశారు. తిరిగొచ్చాక వారం రోజులు చేపల గురించే అడిగారు, పత్తి గురించి ఒక్కరూ అడగలేదు. నాకు బాధ లేదు.

గింజలంటే ఒక మాట చెప్పాలి. మా దానికి మూడేళ్ళప్పుడు నానబెట్టిన శనగ ఒకటి ముక్కులో పెట్టేసుకుంది. అది లోపల ఇంకా ఉబ్బింది. రాత్రి పదకొండుకి చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరకి పరిగెత్తాం, నాకు ఆ టెన్షన్ ఇప్పటికీ పోలేదు. కాబట్టి మరీ చిన్నవాళ్ళకి గింజలు వద్దు, ఇసుకా నీళ్ళూ చాలు, అదీ పక్కన మనిషి ఉంటేనే. పెద్ద పిల్లలకైనా గురివింద గింజలు ఇవ్వకండి. ఎర్రగా నల్లచుక్కతో ఎంత అందంగా ఉన్నా అది విషం, పగిలి లోపలికి పోతే ప్రాణం మీదికొస్తుంది. మా బడి కంచెకి ఆ తీగ ఉండేది, పీకించేశాను.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైనది చెబుతాను. అది మార్చిలోనే మొదలైంది, సోల కంటే ముందు. మార్చి 9, 10 తేదీల్లో అరసవల్లి సూర్యదేవుడి గుడిలో పొద్దుటి కిరణాలు స్వామి పాదాల మీద పడతాయని జనం చీకటితోనే క్యూ కడతారు. మళ్ళీ అక్టోబరు మొదట్లో పడతాయి. మా రెండో తరగతి పిల్లాడొకడు వాళ్ళ మామ్మతో వెళ్ళి, మంచు కమ్మేసి ఏమీ కనబడక, ఆలస్యంగా బడికొచ్చాడు. వచ్చి, "టీచర్, మన బడిలో ఏటి మీద పడతాది?" అన్నాడు.

మా గదికి తూర్పున కిటికీ ఉంది. ఆ సోమవారం, మార్చి 10న, సరిగ్గా తొమ్మిదిన్నరకి మూడో ఊచ నీడ కొస నేల మీద ఎక్కడుందో అక్కడ ఎర్ర పెయింటు చుక్క పెట్టాం. గోడలకి వేయగా మిగిలిన పెయింటు. వారానికొకసారి అదే టైముకి చూసేవాళ్ళం. నీడ పక్కకి జరిగిపోతూ ఉంది. ఒంటిపూట బడులు, సెలవులు వచ్చాయి, అందరూ మరిచిపోయారు.

దసరా సెలవులయ్యాక అక్టోబరు 3, శుక్రవారం. దేవుడి దగ్గర రెండోసారి పడుతుంది కాబట్టి మన చుక్క మీదికీ వస్తుందా అని వాడే అడిగాడు, ఇప్పుడు మూడో తరగతి, గది అదే. అదృష్టం, మబ్బు లేదు. తొమ్మిదిన్నరకి అందరం చుక్క చుట్టూ కూర్చున్నాం. నీడ కొస చుక్క మీద లేదు. దాటిపోయింది. పిల్లలు నిరుత్సాహపడ్డారు, నేను ఇంకా ఎక్కువ పడ్డాను. వాడు మాత్రం "ఎండ ముందే ఒచ్చీసి ఎల్లిపోనాది టీచర్, సోమారం ఎగస్ట్రా పెందలాడే సూద్దాం" అన్నాడు. సోమవారం తొమ్మిదింటికే కూర్చున్నారు. తొమ్మిదీ పది కాకముందే నీడ వచ్చింది. చుక్కకి ఒక వేలెడు పక్కగా పోయింది, మూడు రోజులు ఆలస్యం కదా మరి. కానీ దారి అదే.

ఇరవై నిమిషాల తేడా ఏమిటో నాకప్పుడు తెలియదు. ఇంటికొచ్చి గోడ క్యాలెండర్లో సూర్యోదయం వేళలు చూశాను. మార్చి 10కీ అక్టోబరు 3కీ ఇరవై నిమిషాల పైనే తేడా ఉంది. తర్వాత చదివితే తెలిసింది. పగలూ రాత్రీ సమానమయ్యే రోజుకి మార్చిలో పది రోజుల ముందు, అక్టోబరులో పది రోజుల తర్వాత సూర్యుడు ఆకాశంలో నడిచే దారి దాదాపు ఒకటే. అందుకే స్వామి పాదాలకి ఏడాదికి రెండుసార్లు. కానీ భూమి కక్ష్య సరిగ్గా గుండ్రం కాదు, ఇరుసు వంగి ఉంది, అందువల్ల సూర్యుడు మన గడియారం ప్రకారం నడవడు. మార్చి రెండో వారంలో పది నిమిషాలు వెనకపడతాడు, అక్టోబరు మొదట్లో పదకొండు నిమిషాలు ముందుంటాడు. నలభై దగ్గర పడుతున్న వయసులో, ఒక రెండో తరగతి పిల్లాడి వల్ల తెలుసుకున్నాను. వాళ్ళకి ఇదంతా చెప్పలేదు. చుక్క అక్కడే ఉంది. మార్చి వస్తుంది.

మా చిన్నదాని డైరీకి జవాబుగా లాభం అంటే ఏమిటో నాలుగు ముక్కలు రాసి పంపాను. ఆ టీచరు చిన్నపిల్ల, ఫోన్ చేసి "మా నాయనమ్మ కూడా అలాగే అనేది మేడమ్, మర్చిపోయాను" అంది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక నాకు గ్లాసులో, దానికి గిన్నెలో మజ్జిగ పోశాను. గ్లాసు చూసింది, గిన్నె చూసింది. "నీకే ఎక్కువ" అంది. నేను మాట్లాడలేదు. కాసేపు అలా చూస్తూ ఉండి, "అమ్మా, సోలేదీ?" అంది.

సోల బడిలో ఉండిపోయింది. రేపు తెస్తానన్నాను.

"అయితే తాగకు," అంది. గ్లాసూ గిన్నే మూతలు పెట్టించి ఫ్రిజ్‌లో పెట్టించింది. వాళ్ళ నాన్న తాగేయకుండా పక్కనే కాపలా కూడా కాసింది.