భాష వచ్చాక మొదలైన గోల

జర్మన్ నేర్చుకోవడం వల్ల నాకు జరిగిన మొదటి నష్టం, ఆఫీసులో పని సాగకపోవడం.

హాంబర్గ్ వచ్చిన కొత్తలో మా హాల్లో ముప్పై మందికి పైగా ఒకేసారి మాట్లాడుతున్నా నాకు పట్టేది కాదు. పెంకుటింటి మీద వాన పడుతున్నట్టు ఉండేది. మధ్యమధ్యలో ఎవరో "గెనౌ, గెనౌ" అనేవాళ్లు. అంటే "అదే, అదే" అని తర్వాత తెలిసింది. నా పాటికి నేను కోడ్ రాసుకునేదాన్ని. సాయంత్రం క్లాసులకు వెళ్లి, ఏ1, ఏ2 అనే మొదటి మెట్లు దాటి, రెండేళ్లకు ఆ పై మెట్టు బీ1 పరీక్ష పాసయ్యాను. ఆ వారమే గోల మొదలైంది. నా వెనక సీటావిడ కుక్కకు ఆపరేషన్, ఆమె ఎదుటి మనిషి ఇంటి అద్దె పెరగడం, కిటికీ పక్కనాయన మాజీ భార్యతో సెలవుల తేదీల గొడవ, అన్నీ ఒక్కొక్కటే అర్థం కావడం మొదలుపెట్టాయి. ఒకరోజు మధ్యాహ్నం ఒకే లైను నాలుగుసార్లు చదివాను. కుక్కకు కుట్లు ఎప్పుడు విప్పుతారో మాత్రం బాగా గుర్తుంది.

ఈ దేశంలో నిశ్శబ్దానికి టైమ్‌టేబుల్ ఉంటుంది. రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు గట్టిగా చప్పుడు చేయకూడదు. ఆదివారం గోడకు డ్రిల్లింగ్ చేయకూడదు. ఖాళీ సీసాలు కూడా ఆదివారం తీసుకెళ్లి డబ్బాలో వేయకూడదు, గలగలమంటాయి కాబట్టి. అంత పట్టింపు ఉన్నవాళ్లు సోమవారం పొద్దున్నే గోడల్లేని హాల్లో కూర్చుని ఎలా పనిచేస్తారో నాకు అర్థమయ్యేది కాదు. తీరా చూస్తే ఈ పద్ధతి పుట్టింది మా పక్కనే. హాంబర్గ్‌కు ఉత్తరాన క్విక్‌బోర్న్ అని చిన్న ఊరుంది. 1950ల చివర్లో అక్కడ పనిచేసిన ష్నెల్లె అన్నదమ్ములు ఆఫీసు గోడలు తీసేసి, బల్లలను అటూ ఇటూ సర్ది, మధ్యలో మొక్కలు పెట్టి, దానికి "ఆఫీసు ప్రకృతి దృశ్యం" అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. మొక్కలు మా దగ్గరా ఉన్నాయి. అవి మాట్లాడవు, అంతవరకు నయం.

మనసు పెట్టి చేయాల్సిన పనికి చప్పుడు 55 డెసిబెల్స్ దాటకూడదని ఇక్కడి పనిస్థలాల నిబంధన ఒకటుంది. నేను ఫోన్లో యాప్ వేసి చూశాను. కాఫీ మెషీన్ గింజలు పొడి చేసేటప్పుడు తప్ప పెద్దగా దాటలేదు. ఫిర్యాదు చేయడానికి ఏమీ దొరకలేదు. మాట ఎంత చిన్న గొంతుతో అన్నా సరే, అర్థమైతే చాలు, తలలో దూరుతుంది. దానికి డెసిబెల్స్‌తో పనిలేదు.

బయటి చప్పుడును తగ్గించే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ కొనాలని నిర్ణయించుకున్నాక చేసిన మొదటి పని, ధరను 90తో గుణించడం. నాలుగేళ్లయినా ఈ రోగం పోలేదు. 249 యూరోలంటే ఆ లెక్కన ఇరవై రెండు వేల పైచిలుకు. మా టీంలో వరంగల్ అబ్బాయి ఒకడున్నాడు. "జర ఆగక్కా, నవంబర్‌ల సేల్ వస్తది" అన్నాడు. నవంబర్ దాకా ఆ కుక్క వైద్యం వినే ఓపిక నాకు లేదు. అమ్మకు వీడియో కాల్‌లో బొమ్మ చూపిస్తే, "ఇంత పెద్దవి చెవులకు పెట్టుకుంటే తలనొప్పి రాదటే? దూది పెట్టుకోవే" అంది. నవ్వాను గానీ ఆ మాటలో సగం నిజముందని తర్వాత తెలిసింది.

ఇక్కడ ఆన్‌లైన్‌లో కొంటే, సరుకు చేతికందిన 14 రోజుల్లోపు కారణం చెప్పకుండా తిప్పి పంపే హక్కు చట్టంలోనే ఉంది. షాపులో కొంటే ఆ హక్కు లేదు, షాపువాళ్ల దయ. అందుకని రెండు రకాలు తెప్పించాను, ఒకటి సోనీ, ఒకటి బోస్. ఎవరైనా కొనేవాళ్లుంటే చెప్పేదొకటే, పాట పెట్టి పరీక్షించకండి. పాట పెడితే అన్నీ బాగానే ఉంటాయి. ఏమీ పెట్టకుండా, మీ కుర్చీలోనే కూర్చుని, గోల ఎక్కువుండే గంటలో పెట్టుకుని చూడండి. నాకు కళ్లద్దాలున్నాయి. అద్దాల కాడ చెవి మీదుగా వెళ్లే చోట హెడ్‌ఫోన్స్ మెత్తకు సన్నటి సందు పడుతుంది, ఆ సందులోంచి చప్పుడు నీళ్లలా కారుతుంది. దిద్దులు పెట్టుకుంటే గంటకల్లా చెవి తమ్మె నొక్కుకుపోయి ఎర్రబడుతుంది. క్లిప్పు పెట్టి జుట్టు పైకి కడితే పట్టీ నిలవదు. సమీక్షల వీడియోల్లో మాట్లాడే మగవాళ్లెవరూ ఈ మూడూ చెప్పలేదు. కాడ సన్నగా ఉన్న కొత్త అద్దాలు చేయించుకుని, దిద్దులు సొరుగులో పెట్టడం అలవాటు చేసుకుని, మెత్త లావుగా ఉన్నదాన్ని ఉంచుకున్నాను. రెండోది పెట్టెలో సర్ది వెనక్కి పంపాను.

స్విచ్ వేయగానే చెవుల్లో చిన్న ఒత్తిడి, లిఫ్టు పైకెళ్లినప్పుడు లాంటిది. ఆ వెంటనే ఏసీ హోరు మాయం. లోపలి మైకులు బయటి చప్పుడును పట్టుకుని, దానికి సరిగ్గా తలకిందులైన అలను చెవిలోకి పంపుతాయి, రెండూ కలిసి ఒకదాన్నొకటి మింగేస్తాయి. ఈ ఆలోచనకు పాల్ లూయెగ్ అనే జర్మన్ 1936లోనే అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు. చెవులకు తగిలించుకునే వస్తువుగా దాన్ని తీర్చిదిద్దడంలో పేరు బోస్ కంపెనీ పెట్టిన అమర్ బోస్‌ది. బ్రిటిష్ వాళ్ల మీద పోరాడి బెంగాల్ వదిలి వెళ్లిన తండ్రికి అమెరికాలో పుట్టిన కొడుకు. 1978లో జ్యూరిక్ నుంచి బోస్టన్ వెళ్తుంటే విమానంవాళ్లిచ్చిన హెడ్‌ఫోన్స్‌లో ఇంజన్ మోత తప్ప ఏమీ వినపడక, ఆ ప్రయాణంలోనే లెక్కలు వేశాడట. మొదట అది అమ్మకానికి వచ్చింది పైలట్ల కోసమే, 1989లో.

విమానం హోరు కోసం పుట్టిన వస్తువు కాబట్టి హోరునే బాగా మింగుతుంది. ఏసీ, ఫ్యాన్, రైలు మోత, ఇలా ఆగకుండా ఒకే తీరున వచ్చే మంద్రమైన చప్పుళ్లంటే దానికి ఇష్టం. మాట అలా కాదు, క్షణక్షణం మారుతుంది. అందులో స, ట, క లాంటివి పైస్థాయి ధ్వనులు, వాటి అలలు మరీ పొట్టివి. తలకిందుల అల ఒక పిసరు ఆలస్యమైనా గురి తప్పుతుంది. వాటిని ఆపేది మెత్త మందమే, అంటే అమ్మ చెప్పిన దూదే. ఫలితం ఏమిటంటే, మొదటిరోజు హోరు పోయింది, మాటలు మరింత తేటగా వినపడ్డాయి. చెరువు నీళ్లు తీసేస్తే రాళ్లు బయటపడ్డట్టు. కుక్క కోలుకుంటోందని స్పష్టంగా విన్నాను.

చివరికి దొరికిన ఉపాయం, లోపల నేనే కొంచెం చప్పుడు పెట్టుకోవడం. పాటలు పనికిరావు, తెలుగు పాట అయితే అసలే కాదు, నోరు దానంతటదే కలుస్తుంది. వాన చప్పుడు చిన్నగా పెడతాను. కిటికీ బయట హాంబర్గ్ వాన ఉచితంగా కురుస్తుంటే, దాన్ని ఆపే యంత్రం చెవులకు పెట్టుకుని, అందులో ఇంకో వాన వింటున్నాను. తెలుగువాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఒక పొరపాటు మాత్రం చేశాను. ఇది పెట్టుకుంటే నా చుట్టూ గోల అవతలివాళ్లకూ వినపడదనుకున్నాను. ఒక మీటింగులో నేను ఐదు నిమిషాలు వివరించాక, క్లయింటు మర్యాదగా, "మీరు కాఫీ హోటల్లో ఉన్నారా?" అని అడిగాడు. చప్పుడు మింగేది నా చెవికోసం. అవతలి చెవికోసం మైకు వేరుగా బాగుండాలి, నోటి దగ్గరికి వచ్చే కాడ ఉంటే ఇంకా మంచిది. పైగా బ్లూటూత్‌లో మైకు వాడటం మొదలవగానే, వినిపించే గొంతు కూడా పాత ల్యాండ్‌లైన్‌లా సన్నబడిపోయింది. ఇప్పుడు కాల్స్‌కు ఆఫీసువాళ్లిచ్చిన వైరు హెడ్‌సెట్, కోడ్‌కు నాది. మెడలో ఒకటి, నెత్తిన ఒకటి. చూసేవాళ్లకు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలా ఉంటాను.

మూడో వారంలో అనుకుంటా, ఒక బగ్ పట్టుకున్న సంతోషంలో తలెత్తి చూస్తే హాలంతా ఖాళీ. నలభై కుర్చీలు, ఒక్క మనిషి లేడు. గుండె గుభేలుమంది. లేచి వెతికితే అందరూ వంటగదిలో ఉన్నారు. ఇక్కడ పుట్టినరోజు ఎవరిదైతే వాళ్లే కేకు తెచ్చి పెడతారు. ఆ వేళ వెనక సీటావిడది. పిలిచిందట, రెండుసార్లు. ప్లమ్ పండ్ల కేకు ఆఖరి ముక్క నాకోసం పక్కన పెట్టి, "నిన్ను కదిలించొద్దనుకున్నాం" అంది. ఆ మాటలో కోపం లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. కుక్క ఎలా ఉందని అడిగాను. ఆవిడ ఆశ్చర్యంగా నావైపు చూసింది, కుక్క సంగతి నాకెలా తెలుసని. తర్వాత ఇరవై నిమిషాలు ఫోన్లో ఫోటోలు చూపించింది. క్లాసులో రెండేళ్లలో రాని మాటలు కొన్ని అప్పుడు వచ్చాయి, కుట్లు, కుక్క మెడకు తొడిగే గరాటు, బద్ధకం.

అప్పట్నుంచి ఒక ఒప్పందం ఉంది. పిలవాలంటే ఆవిడ నా బల్ల మీద వేలితో రెండుసార్లు తడుతుంది. పన్నెండింటికి ముందు పావుగంట నేను ఒక చెవి తీసేసి ఉంచుతాను, ఎవరు ఎక్కడ తినడానికి వెళ్తున్నారో అప్పుడే తేలుతుంది కాబట్టి.

మొన్న పూర్తి స్థాయిలో పెట్టుకుని, వాన కూడా పెట్టుకుని కూర్చున్నాను. కాఫీ మెషీన్ దగ్గర వరంగల్ అబ్బాయి ఫోన్లో వాళ్లమ్మతో గుసగుసలాడుతున్నాడు. జర్మన్ అయితే ఆ గొంతులో ఒక్క ముక్క కూడా చేరేది కాదు. "పప్పుల చింతపండు ఎక్కువైందే అమ్మా, ఇప్పుడేం చెయ్యాలె?" అన్నది మాత్రం అక్షరం పొల్లుపోకుండా వినపడింది. రెండు చెవులూ తీసేసి, "కొంచెం బెల్లం వెయ్యి తమ్ముడూ" అన్నాను.