తలుపులు మూయమన్నవాళ్ల ఊళ్లలో

ద్వీపం అంటే పడవెక్కాలి కాబోలు అనుకున్నాను. ట్రామ్ దిగి రోడ్డు దాటగానే దెజిమా వచ్చేసింది. నాగసాకి ఊరు సముద్రాన్ని పూడ్చుకుంటూ ముందుకు జరిగి, ఒకప్పటి ద్వీపాన్ని కడుపులో పెట్టేసుకుంది. ఒక పక్క సన్నటి నది, మిగతా వైపుల రోడ్లు, ఆఫీసులు.

"దీనికోసమా నాచేత సెలవు పెట్టించావు?" అన్నాడు మా బావ. తను ఫుకుఓకాలో ఉద్యోగం చేస్తాడు. జపనీస్ బాగా వచ్చు, చరిత్ర అంటే మాత్రం ఆవులింతలు.

120 మీటర్ల పొడవు, 75 మీటర్ల వెడల్పు. విసనకర్ర ఆకారంలో మనుషులు కట్టిన దీవి. క్రైస్తవ మత ప్రచారం అంటే భయపడిన షోగున్ (చక్రవర్తి పేరున దేశాన్ని ఏలిన సైన్యాధిపతి) ప్రభుత్వం పోర్చుగీసువాళ్లను ఊళ్లో తిరగనివ్వకుండా ఒకచోట పెట్టడానికి 1636 నాటికి దీన్ని కట్టించింది. డబ్బు పెట్టింది నాగసాకి వర్తకులు 25 మంది. తర్వాత అద్దె పిండుకున్నదీ వాళ్లే. 1639లో పోర్చుగీసువాళ్లను పూర్తిగా వెళ్లగొట్టి, 1641లో డచ్చివాళ్లను తెచ్చి ఇందులో పెట్టారు. అప్పటినుంచి రెండు వందల ఏళ్లకు పైగా యూరప్‌తో జపాన్ వ్యాపారమంతా ఈ గుప్పెడు నేల మీదే. జపాన్‌వాళ్లు దేశం దాటితే మరణశిక్ష. డచ్చివాళ్లు వంతెన దాటాలంటే అనుమతి. ఇటునుంచి అటు వెళ్లే ఆడవాళ్లలో వేశ్యలకు తప్ప ఎవరికీ ప్రవేశం లేదని వంతెన దగ్గర బోర్డు ఉండేదట.

నాకు డచ్చివాళ్లు అంటే చిన్నప్పుడు బందరుకోటలో చూసిన సమాధులే. పదిహేడో శతాబ్దం మొదట్లోనే వాళ్లు బందరులో కొట్లు పెట్టారు. ఇక్కడున్నదీ ఆ డచ్చి ఈస్టిండియా కంపెనీయే. మన తీరంలో కొన్న అద్దకం బట్టలు బటావియా (ఇప్పటి జకార్తా) మీదుగా ఇక్కడికి ఓడల్లో వచ్చేవి. ఆ రకం బట్టను జపనీస్‌లో ఇప్పటికీ 'సరస' అంటారు. చిన్న ముక్క దొరికినా తేయాకు పొడి పెట్టుకునే డబ్బాలకు సంచులు కుట్టించుకునేవాళ్లట. మా వీధిలో ఎవరో అద్దిన పువ్వు ఇక్కడ ఎవరి టీ గదిలోనో కూర్చుని ఉంటుందని చెప్పాను. బావ మొదటిసారి ఆవులించకుండా విన్నాడు.

అసలు సంగతి ఇంకోటి. డచ్చివాళ్లు ఏటా ఒక నివేదిక రాసివ్వాలి, బయట ప్రపంచంలో ఏం జరుగుతోందో. 1852లో ఇచ్చినదానిలో అమెరికా ఓడలు రాబోతున్నాయని ఉంది. మరుసటి ఏడాది అమెరికా నౌకాదళపు కమడోర్ పెర్రీ తలుపులు తెరవమంటూ నాలుగు నల్ల ఓడలతో వచ్చినప్పుడు జనం హడలిపోయారు కానీ పైవాళ్లకు ఆ కబురు ముందే తెలుసు. మూసిన దేశం అనే అర్థమున్న 'సకొకు' మాట కూడా ఆ మూసిన కాలంలో చాలావరకు లేదు. 1801లో ఒక అనువాదకుడు డచ్చి పుస్తకాన్ని జపనీస్‌లోకి తెస్తూ పుట్టించిన మాట అది.

పెర్రీ వచ్చి వెళ్లాక పుట్టిన వర్గం కోసమే మేం చోషూ సంస్థానపు పాత రాజధాని హగికి బయల్దేరాం. 'సోన్నో జోయి' వాళ్ల నినాదం: చక్రవర్తిని గౌరవించు, అనాగరికులను తరుము. 1858లో చక్రవర్తి ఒప్పుకోకుండానే విదేశీయులతో ఒప్పందాలు చేసుకున్న షోగున్ ప్రభుత్వ పెద్ద ఇయి నఓసుకెను 1860లో కోట గుమ్మం ముందే నరికేశారు ఈ బాపతు సమురాయ్‌లు.

షిన్ యామగుచిలో హగి బస్సు మా కళ్లముందే వెళ్లిపోయింది. తప్పు నాదే, కాఫీ కోసం ఆగాను. బావ రెండు గంటలు మాట్లాడలేదు.

హగిలో ఆ వర్గానికి గురువైన యోషిదా షోయిన్ బడి ఉంది, పేరు షోకా సొన్‌జుకు. బడి అంటే ఎనిమిది చాపల గది, దానికి తర్వాత అతికించిన ఇంకో గది. బయటే నిలబడి లోపలికి తొంగిచూడాలి. వాన పడుతోంది, చూరునుంచి నీళ్లు మెడమీద కారుతున్నాయి, అయినా నాకు కదలబుద్ధి కాలేదు. తరుమండి, తరుమండి అని ఇక్కడ పాఠాలు చెప్పిన మనిషి 1854లో ఏం చేశాడంటే, షిమోదాలో అర్ధరాత్రి ఒక శిష్యుణ్ని వెంటబెట్టుకుని దొంగిలించిన పడవలో, మళ్లీ వచ్చిన పెర్రీ ఓడ దగ్గరికి వెళ్లాడు. తెడ్లు బిగించే మేకులు లేవు. ఇద్దరూ గోచీలు విప్పి తెడ్లు కట్టారు. అవి జారిపోతే నడికట్లు విప్పి కట్టారు. ఎలాగో ఓడెక్కి, మమ్మల్ని అమెరికా తీసుకెళ్లండి అని బతిమాలుకున్నారు. అమెరికావాళ్లు దింపేశారు. ఆయన వెళ్లి లొంగిపోయి జైలుకు పోయాడు. తర్వాత ఇంట్లో నిర్బంధంలో ఉంటూ ఈ గదిలో కుర్రాళ్లకు చదువు చెప్పాడు. ప్రభుత్వ పెద్దనొకర్ని చంపించాలని చూసినందుకు 1859లో తల తీశారు. 29 ఏళ్లు.

"తరమాలంటూనే వాళ్ల ఓడెందుకెక్కాడు?" అన్నాడు బావ. శత్రువును ఎదిరించాలంటే వాడి దగ్గరే నేర్చుకోవాలని ఆయన లెక్క. ఈ మాట చెబుతుంటే నాకే సగం నమ్మకం కుదరలేదు. కట్లు ఊడిపోతున్న పడవలో వెళ్లేటప్పుడు మనిషికి లెక్కకంటే ఆశే ఎక్కువ ఉంటుంది అనిపించింది.

మర్నాడు షిమొనొసెకి. జలసంధి పక్క పార్కులో చోషూ సంస్థానం ఫిరంగుల నమూనాలు వరసగా ఉన్నాయి, నెత్తిన కన్‌మోన్ వంతెన, ఎదురుగా అవతలి గట్టు. అసలు ఫిరంగులను గెలిచినవాళ్లు పట్టుకుపోయారు. 1863 జూన్ 25న, విదేశీయులను తరమమని చక్రవర్తి పెట్టిన గడువు రోజున, చోషూవాళ్లు ఇక్కడ ఒక అమెరికా వర్తక ఓడను కాల్చడం మొదలుపెట్టారు. రెండే రోజుల తర్వాత అదే చోషూకు చెందిన ఐదుగురు కుర్రాళ్లు యొకొహామా నుంచి దొంగచాటుగా ఇంగ్లండ్ వెళ్లడానికి ఓడెక్కారు, పెద్దల అండతోనే! వాళ్లలో ఒకడు ఈతో హిరోబుమి, షోయిన్ శిష్యుడు. ఆ ఏడాది మొదట్లోనే బ్రిటిష్ దౌత్య భవనానికి నిప్పు పెట్టినవాళ్లలో అతనూ ఉన్నాడు. మరుసటి ఏడాది, తమ మీదికి యుద్ధ నౌకలు రాబోతున్నాయని లండన్‌లో తెలిసి, ఈతో, ఇంకొకతను పరుగున తిరిగొచ్చారు. మానుకోండి అన్నారు. ఎవరూ వినలేదు. 1864 సెప్టెంబర్‌లో నాలుగు దేశాల 17 నౌకలు ఈ గట్టును నేలమట్టం చేశాయి. ఆ తర్వాత జోయి నినాదం చోషూలో పెద్దగా వినిపించలేదు. 1885లో ఈతో జపాన్ మొదటి ప్రధాని అయ్యాడు.

ఒక ఫిరంగికి డబ్బులేసే పెట్టె ఉంది. 100 యెన్ల నాణెం వేస్తే పొగ, చప్పుడు. నాలుగైదేళ్ల పిల్లాడు తాతను నాణెం అడిగి వేశాడు. ఢాంమన్నాక ఎదురుగా పోతున్న కంటెయినర్ ఓడకేసి చూసి మళ్లీ చేయి చాపాడు. తాత జేబు తడుముకున్నాడు. బావే నాణెం ఇచ్చాడు. ఓడ తన దారిన పోయింది, పేర్చిన డబ్బాల వెనక మనుషులెవరూ కనబడలేదు.

మధ్యాహ్నం కరతో మార్కెట్‌లో ఫుగు ముందు నిలబడ్డాం. విషపు చేప. ఈ ఊళ్లో మాత్రం 'ఫుకు' అంటారు, అదృష్టం అని అర్థం. చాలాకాలం దీన్ని తినడం నిషేధం. ప్రధానిగా ఇక్కడికొచ్చిన ఈతో తిని మెచ్చుకున్నాక 1888లో ఈ ప్రాంతంలో నిషేధం ఎత్తేశారు.

"ఆయనకు అలవాటు, ఏది వద్దంటే అది ముట్టుకోవడం" అని బావ ఒక ప్లేటు తీసుకున్నాడు. పలచటి ముక్కలు, కింద ప్లేటు మీది పువ్వు కనిపించేంత పలచగా. నేను ముందు తనను తిననిచ్చి, పది నిమిషాలు చూసి, అప్పుడు తిన్నాను.