కువైట్ నుంచి వచ్చిన పడవ

1983లో మనం తొమ్మిదో తరగతి. రాయచోటి చుట్టుపక్కల ఊళ్లలో అప్పటికే చాలా ఇళ్ల నుంచి మగవాళ్లు కువైట్ వెళ్లిపోయారు. సెలవుకు వస్తే టేప్‌రికార్డరు, సెంటు సీసాలు, దుప్పట్లు దిగేవి. మన బ్యాచ్‌లో ఒకడికి మాత్రం వాళ్ల నాయన అరచేతిలో పట్టే పెట్టె తెచ్చాడు. ఆ రోజు నుంచి వాడు మనకు కువైటోడు.

పెట్టె మీద నింటెండో గేమ్ అండ్ వాచ్, పారాచూట్ అని రాసి ఉండేది. నింటెండో అంటే జపాన్ ఆటల కంపెనీ. పైన హెలికాప్టరు. దాంట్లోంచి మనుషులు ఒక్కొక్కరే దూకి, టిక్కు టిక్కుమంటూ ఒక్కో మెట్టూ దిగేవాళ్లు. కింద సొరచేపలు. మన చేతిలో ఉన్నది ఒక్క పడవ, అది నిలబడేది మూడే చోట్ల. ముగ్గురు నీళ్లలో పడితే ఆట అయిపోయినట్టే. అయితే 200 పాయింట్లు చేరగానే అంతవరకూ చేసిన తప్పులన్నీ చెరిగిపోయేవి, మళ్లీ 500 దగ్గర ఇంకోసారి. 190 దాటినవాడి భుజాల మీద ఎన్ని తలలు వాలేవో! ఎవరూ మాట్లాడకూడదు. మాట్లాడినవాడి వంతు పోయినట్టే, అది చింతచెట్టు కింద మనం పెట్టుకున్న చట్టం. పెట్టెలో ‘ఎ’, ‘బి’ అని రెండు ఆటలు. ‘బి’లో ఒక్కోసారి పారాచూట్ చెట్టుకు చిక్కుకుని వేలాడేది. అది ఎప్పుడు విడిపోతుందా అని చూస్తుంటే గొంతు ఎండిపోయేది.

ఆడనప్పుడు అదే గడియారం. లాంగ్ బెల్లుకు ఇంకా ఎంతసేపుందో కువైటోడిని అడిగేవాళ్లం.

శబ్దం తగ్గించే వీలు దానికి లేదు. ఒకరోజు వెనక బెంచీలో టిక్కుమంది, సైన్సు సారు విన్నారు. పెట్టె తీసుకున్నారు. క్లాసంతా బిగుసుకుపోయింది. ఆయన కోప్పడలేదు. కిటికీ దగ్గరికి వెళ్లి పెట్టెను వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని, ఒక్కొక్కరినే పిలిచి చూపించారు. హెలికాప్టరు నుంచి పడవ దాకా మనుషులందరూ ఒకేసారి పల్చటి నీడల్లా కనిపించారు! ‘వీడు దిగడం లేదురా. ప్రతి మెట్టు దగ్గరా ఒక బొమ్మ ముందే ఉంది. కరెంటు దేనికి అందితే అది నల్లబడుతుంది, అంతే’ అన్నారు. బోర్డు మీద ‘ద్రవస్ఫటికం’ అని రాశారు. సాయంత్రం పెట్టె ఇచ్చేశారు. నేను ఎలక్ట్రానిక్స్ చదవడానికి కారణం ఆ కిటికీయే.

ఆ పెట్టెను ఆలోచించిన గుంపెయి యొకోయి గురించి చాలా ఏళ్ల తర్వాత చదివాను. ఆయన 1965లో నింటెండోలో చేరింది పేకముక్కలు తయారుచేసే యంత్రాలు చూసుకోవడానికి. ఒకసారి రైల్లో విసుగెత్తిన ఉద్యోగి ఒకాయన కాలిక్యులేటర్ బొత్తాలు నొక్కుతూ కాలక్షేపం చేయడం చూశారట. కాలిక్యులేటర్ల పోటీతో అప్పటికే చవకైపోయిన తెరను, చిప్పును తీసుకుని ఆట చేశారు. కొత్తగా కనిపెట్టిన భాగం అందులో ఒక్కటీ అక్కర్లేదు. మొదటిది ‘బాల్’, 1980 ఏప్రిల్ 28న వచ్చింది. 1991 దాకా 60 రకాలు, 4.34 కోట్ల పెట్టెలు అమ్ముడుపోయాయి. 1997లో రోడ్డు ప్రమాదంలో ఆయన పోయారని చదివినప్పుడు మనవాళ్లెవరో పోయినట్టు అనిపించింది.

2010లో నింటెండో వాళ్లు ‘బాల్’ను జపాన్‌లో తమ క్లబ్ సభ్యులకు బహుమతిగా మళ్లీ చేసిచ్చారు. ఈసారి శబ్దం ఆపే మీట పెట్టారు. 2020లో నింటెండో వాళ్ల పేరున్న ఆట మారియోకు 35 ఏళ్లు నిండాయని కొత్త గేమ్ అండ్ వాచ్ ఒకటి, మరుసటి ఏడు వాళ్లదే ఇంకో ఆట జెల్డా పేరుతో ఒకటి వచ్చాయి. డాలస్‌లో ఉన్న మా అమ్మాయి నాకు మారియోది పంపింది. బంగారు రంగు ముఖం, ఎర్రటి అంచు, చేతిలో అదే బరువులేనితనం. లోపల ‘బాల్’ కూడా ఉంది, బంతులు ఎగరేసేవాడికి మారియో తల పెట్టారు. చక్కగా చేశారు, కాదనను. కానీ నేను మొదట చేసిన పని దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఏటవాలుగా పట్టుకోవడం. అది చుక్కలతో బొమ్మలు గీసే రంగుల తెర. మన సారు చూపించిన మనుషులు అందులో ఉండరు.

ఆ రాత్రే కువైటోడికి ఫోన్ చేశాను. ‘ఉందిరా, అమ్మ ఇనప్పెట్టెలో దాచింది. సెల్స్ తీసేసి పెట్టింది, కారలేదు’ అన్నాడు. సంక్రాంతికి అందరం కలిసినప్పుడు తెస్తున్నాడు. రెండు బటన్ సెల్స్ నేను కొని ఉంచాను. సారు వస్తానన్నారు. ఆయనకు కిటికీ పక్కన కుర్చీ వేద్దాం.