విత్తనాల లారీ, పశువుల మంద, ఒకే దారి: దక్షిణ సూడాన్‌లో నా అనుభవం

మా ప్రాజెక్టుకు డబ్బిచ్చే సంస్థ ప్రతిపాదనను తిప్పి పంపింది. విత్తనాల లెక్క, పనిముట్ల లెక్క, పశువుల టీకాల లెక్క అన్నీ బాగానే ఉన్నాయట. కింద ఒక్క ప్రశ్న మాత్రం రాశారు: "మీ సాయం వల్ల అక్కడి గొడవలు ముదరవని ఎలా చెప్పగలరు?" దానికి జవాబుగా ఘర్షణ విశ్లేషణ (ఎవరి మధ్య, ఎందుకు గొడవలు వస్తున్నాయి, మన సాయం వాటిని ఎలా తాకుతుంది అన్న పరిశీలన) చేసి జత చెయ్యమన్నారు. నేను బాపట్లలో అగ్రికల్చర్ బీఎస్సీ చదివాను. ఎకరానికి ఎంత జొన్న విత్తనం కావాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఘర్షణ విశ్లేషణ మాత్రం మా సిలబస్‌లో లేదు.

నేనున్నది దక్షిణ సూడాన్ పశ్చిమ భాగంలో, వావ్ పట్టణంలో. 2011 జూలై 9న ఆ దేశం స్వతంత్రమైంది. 2013 డిసెంబరులో రాజధాని జూబాలో మొదలైన కాల్పులు అంతర్యుద్ధంగా మారాయి. 2018 సెప్టెంబరులో శాంతి ఒప్పందం జరిగింది. కానీ వావ్ చుట్టుపక్కల పల్లెల్లో ఎవర్ని కదిపినా నాయకుల ఒప్పందం గురించి మాట్లాడరు, ఆవుల గురించి మాట్లాడతారు. జుర్ నది ప్రాంతంలో లువో జనం జొన్న, వేరుశనగ, నువ్వులు పండిస్తారు. వానలు ఆగిపోయాక టోంజ్, గోగ్రియాల్ వైపు నుంచి డింకా పశుపాలకులు గడ్డి కోసం, నీళ్ల కోసం మందలు తోలుకుని వస్తారు. మళ్లీ వానలు పడగానే వెనక్కి వెళ్తారు. తరతరాలుగా ఉన్న రాకపోకలే ఇవి. పంట కోయకముందే మంద పొలంలో పడిందంటే మాత్రం గొడవే.

మా ఊళ్లో ఒకప్పుడు పంట మేసిన గొడ్డును బందెలదొడ్డికి తోలేవారు. యజమాని వచ్చి, నాలుగు మాటలు పడి, జరిమానా కట్టి విడిపించుకుపోయేవాడు. అక్కడా పాత పద్ధతి ఇంచుమించు అదే. దశాబ్దాల యుద్ధం ఆ మనుషుల చేతుల్లో తుపాకులు పెట్టింది, అంతే తేడా. 2016లో రైతుల, పశుపాలకుల పెద్దలు మరియల్ బాయి ఒప్పందం చేసుకున్నారు. కోతలయ్యాకే మందలు రావాలి, ముందుగా కబురు చేసి అనుమతి తీసుకోవాలి, తుపాకులు తేకూడదు. పంట పోతే పరిహారం, ఆవును చంపినా పరిహారం. అయినా 2019లో ఘర్షణలు చెలరేగి వేలమంది ఊళ్లు వదిలి వావ్‌కు పారిపోయారు. నేను వెళ్లేసరికి కొందరు తిరిగొచ్చి కాలిన గుడిసెల పక్కనే కొత్తవి వేసుకుంటున్నారు. మేము విత్తనాలివ్వాల్సింది వాళ్లకే.

మా ఆఫీసులో అప్పటికే ఒక రిపోర్టు ఉంది. 1955 తిరుగుబాటు దగ్గర్నుంచి దేశ చరిత్రంతా అందులో ఉంది. చమురు, సైన్యం, తెగలు, పొరుగు దేశాలు, ఏదీ వదల్లేదు. మా విత్తనాల ఊసు మాత్రం ఎక్కడా లేదు. దాన్నే దుమ్ము దులిపి జత చేద్దామన్నారు కొందరు. శిక్షణ ఇవ్వడానికి నైరోబీ నుంచి వచ్చిన సహోద్యోగిని దాన్ని తిరగేసి పక్కన పెట్టేసింది. "దేశం గురించి తర్వాత చూద్దాం. ముందు మీ గురించి చెప్పండి. మీ లారీ ఎవరిది, ఏ నెలలో ఏ దారిన పోతుంది, పేర్ల జాబితా ఎవరు రాస్తారు?" అని అడిగింది. ఇవన్నీ లాజిస్టిక్స్ వాళ్ల ప్రశ్నలు కదా అనిపించింది. నిజానికి పనంతా అక్కడే ఉంది.

ఈ ఆలోచన వెనక చేదు చరిత్ర ఉంది. 1994లో రువాండా మారణహోమం తర్వాత సరిహద్దు అవతల గోమా శరణార్థి శిబిరాల్లో రేషన్ జాబితాలు చాలావరకు మారణహోమం చేసినవాళ్ల చేతుల్లోకే పోయాయి. 1998 కరవులో, వావ్ ఉన్న ఇదే బహర్ ఎల్ ఘజల్ ప్రాంతంలో నిరుపేదలకని పంచిన తిండిని ఊరి పెద్దలు మళ్లీ పోగుచేసి పంచారు. అందులో కొంత తిరుగుబాటు సైన్యానికి పోయింది. సాయం ఎప్పుడూ తటస్థంగా ఉండదని మేరీ ఆండర్సన్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1990లలో చెప్పిన మాటకు ఇలాంటి అనుభవాలే ఆధారం. ప్రతి చోటా జనాన్ని విడదీసేవీ కలిపేవీ రెండూ ఉంటాయి, మన సాయం వాటిలో దేనికి బలమిస్తోందో చూసుకోవాలంటుందామె. తర్వాత ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ), శాంతి కోసం పనిచేసే ఇంటర్‌పీస్ అనే సంస్థ కలిసి ప్రోగ్రామ్ క్లినిక్ అనే పద్ధతి తయారుచేశాయి. ప్రాజెక్టులోని ఒక్కో అంశాన్నీ బల్ల మీద పెట్టి ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు, ఎలా అని నిలదీస్తారు. మేము పాటించింది దాన్నే.

అనుమతుల సంగతి క్లుప్తంగా చెప్తాను. ప్రతి స్థాయిలో ఉత్తరం, సంతకం, ముద్ర, ఎదురుచూపు. ఉత్తరంలో "ఘర్షణ" అనే మాట కనిపిస్తే అధికారులకు టెన్షన్, అది చూసి మాకు టెన్షన్. "సాగు, పశువుల రాకపోకలపై పరిశీలన" అని రాశాం. మేము చేసిందీ అదే కాబట్టి అబద్ధం కాదు.

జట్టును ఎంచుకోవడానికి మాత్రం చాలా ఆలోచించాల్సి వచ్చింది. మా క్షేత్ర సిబ్బందిలో ఎక్కువమంది వావ్ పట్టణం వాళ్లే. అరబిక్ బాగా వచ్చు, కంప్యూటర్ వచ్చు, డింకా భాష వచ్చినవాళ్లు తక్కువ. డింకా మాట్లాడే ఇద్దర్ని వేరే ప్రాజెక్టు నుంచి అరువు తెచ్చుకున్నాం. రైతుల దగ్గరికి, మందల దగ్గరికి వేర్వేరుగా వెళ్లాం. ఆడవాళ్లతో ఆడవాళ్లే కూర్చున్నారు. మొదటి విడతలోనే అందర్నీ ఒకచోట కూర్చోబెట్టాలని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోవద్దు. పెద్దలే మాట్లాడతారు, మిగతావాళ్లు తలలూపుతారు.

ఒక పల్లెలో మామిడిచెట్టు కింద నేల ఊడ్చి, కర్రముక్కతో 12 గడులు గీశాం. ఒక్కో గడి ఒక్కో నెల. ఏ నెలలో గొడవలెక్కువో అక్కడ ఎక్కువ వేరుశనగ తొక్కలు పెట్టమన్నాం. జనవరి గడి నిండిపోయింది. అది మేము ఊహించిందే. దీర్ఘకాలపు జొన్న అప్పటికి ఇంకా చేలోనే ఉంటుంది, మందలు వచ్చేస్తాయి. తర్వాత ఒక పెద్దామె వంగి మే గడిలో పిడికెడు తొక్కలు పోసింది. అదేమిటని అడిగితే అనువదించే అమ్మాయి చెప్పింది: "వానలు మొదలయ్యాయని మేము విత్తుతాం. వాళ్లు ఇంకా వెళ్లి ఉండరు. మొలక వచ్చీ రాగానే తొక్కేస్తాయి. కంకి తింటే గింజ పోతుంది. మొలక తొక్కితే ఏడాదే పోతుంది."

కొన్నాళ్లకు పశువుల మకాంలోనూ అదే ఆట ఆడించాం. పొద్దున్నే పిడకల పొగ కమ్ముకుని ఉంది. ఒళ్లంతా బూడిద పూసుకున్న కుర్రాళ్లు పొడుగు కొమ్ముల ఆవుల మధ్య తిరుగుతున్నారు. వాళ్లూ జనవరిలో, మే నెలలో ఎక్కువ తొక్కలు పెట్టారు. కారణాలు వేరు. మేలో పాత దారుల్లో కొత్త పొలాలు పడుతున్నాయట, పోవడానికి సందు లేదట. యుద్ధానికి భయపడి జనం రోడ్డు పక్కకు చేరారు, ఆ పక్కనే సాగు చేస్తున్నారు. రోడ్డు మీదే మందల దారి. మా విత్తనాల లారీ కూడా ఏప్రిల్ చివరిలో ఆ రోడ్డు మీదే వెళ్తుంది. ఒక కుర్రాడు మా డింకా సహోద్యోగితో సూటిగా అన్నాడు: "ఏటా మేము తిరిగి వెళ్లేటప్పుడే బస్తాల బళ్లు వస్తాయి. వాళ్లకు బస్తాలు, మాకు తిట్లు." మా ఆఫీసులో ఉన్న ఆ రిపోర్టులో ఈ వాక్యం లేదు.

చెప్పినవన్నీ రాసుకోవడం కుదరదు. ఒక పెద్దాయన మాట్లాడుతూ మాట్లాడుతూ నా నోట్‌బుక్ మీద అరచెయ్యి పెట్టి మూసేశాడు. మంద తోలేది కుర్రాళ్లే అయినా అందులో చాలా ఆవుల సొంతదార్లు పట్టణాల్లో ఉండే పెద్దమనుషులు, యూనిఫాం ఉన్నవాళ్లూ అందులో ఉన్నారు. ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. అక్కడ పెళ్లికి వరుడి ఇంటివారు ఆవులివ్వాలి, నేరానికి పరిహారం ఆవుల్లోనే. బ్యాంకు లేని చోట ఆస్తంతా ఆవే. చివరికి నివేదిక రెండు రకాలుగా రాశాం. ఒకటి అందరికీ ఇవ్వగలిగేది. రెండోది మా నలుగురైదుగురి మధ్య ఉండేది, అందులోనూ పేర్లు లేవు. మాకు నిజం చెప్పినందుకు ఎవరికైనా హాని జరిగితే ఆ నివేదిక ఉండి ఏం లాభం?

తర్వాత వావ్ ఆఫీసు గదిలో క్లినిక్. గోడల నిండా కాగితాలు. ప్రాజెక్టులోని ఒక్కో పని ఒక్కో కాగితం మీద, పక్కన విడదీసేవి, కలిపేవి. లారీ దగ్గరే పెద్ద వాదన జరిగింది. మే తర్వాత రోడ్లు బురదైపోతాయి, లారీ కదలదు, కాబట్టి ఏప్రిల్ చివరే గతి అంది లాజిస్టిక్స్. మార్చిలో పంపుదామంటే అవి ఆకలి రోజులు, ఇంట్లో పిల్లలు ఏడుస్తుంటే విత్తనం వండుకు తినేస్తారు. పల్లెలో గోదాములో పెడితే దొంగల భయం. నాకు తెలిసిన వ్యవసాయం అక్కడ పనికొచ్చింది. విత్తనం ఫిబ్రవరిలోనే వావ్ గోదాముకు తెచ్చేద్దాం, మందల దారికి దూరంగా ఉన్న పల్లెల్లో చిన్న చిన్న విత్తన సంతలు పెడదాం, రైతులకు కూపన్లిద్దాం అని తేల్చాం. స్థానిక వ్యాపారులు, మంచి రకాలు దాచుకున్న రైతులు అమ్ముతారు. పెద్ద లారీ అవసరమే చాలావరకు పోయింది. విత్తనం తినేయకుండా ఆ నెలకు తిండిగింజలు కూడా ఇచ్చేలా ఇంకో సంస్థతో మాట్లాడుకున్నాం. డబ్బిచ్చేవాళ్ల ఆర్థిక సంవత్సరం ఫిబ్రవరి కొనుగోళ్లకు అడ్డొచ్చింది. వాళ్లను ఒప్పించడానికి రాసిన మెయిళ్లు లెక్కపెట్టలేదు.

త్వరగా కోతకొచ్చే జొన్న ఇస్తే మందలు రాకముందే ఇంటికి చేరుతుంది కదా అన్నది నా ప్రతిపాదన. ముసలి రైతులు నవ్వారు. అందరికంటే ముందు పండిన చేను మీదే పిట్టలన్నీ వాలతాయి, పైగా వానల్లో కంకి బూజు పడుతుంది. మన మెట్ట రైతులైనా ఆ మాటే అంటారు. రెండు రకాలూ సంతలో పెట్టి, ఎవరికి కావలసింది వాళ్లను తీసుకోమన్నాం.

నీటి విషయంలో మార్పు ఇంకా సులువుగా అయింది. తవ్వాలనుకున్న కుంట పొలాల మధ్యలో ఉంది. ఎండాకాలం నీళ్లుంటే మంద ఎక్కడికి వస్తుందో చెప్పనక్కర్లేదు. ఇరుపక్షాల పెద్దలు చూపించిన చోటికి, మందల దారి పక్కకు మార్చాం.

కలిపేవాటి జాబితా మేము అనుకున్నదానికంటే పొడుగ్గా తేలింది. లువో ఆడవాళ్లు వేరుశనగ తెస్తారు, డింకా ఆడవాళ్లు పాలు తెస్తారు, సంతలో మార్చుకుంటారు. మగవాళ్లు కొట్టుకునే రోజుల్లో కూడా ఈ బేరం పూర్తిగా ఆగలేదట. కోతలయ్యాక మోళ్లు మేయడానికి మందను రానిస్తే పొలానికి ఎరువు దక్కుతుంది. అన్నిటికంటే గట్టిది టీకా. యుద్ధం నడుస్తున్న 1990లలోనే పల్లెల్లో శిక్షణ పొందిన పశువైద్య కార్యకర్తలు చల్లదనం లేకపోయినా పాడవని టీకాతో రిండర్‌పెస్ట్ అనే ప్రాణాంతకమైన పశువుల రోగాన్ని ఈ నేల నుంచి తరిమేశారు. 2011లో ప్రపంచమంతటా ఆ రోగం అంతరించిందని ప్రకటించారు. ఆవు బతకాలని ఇరుపక్షాలూ కోరుకుంటాయి. అందుకే గొంతువాపు, జబ్బవాపు టీకాల శిబిరాన్ని మందలు వచ్చే దారి మొదట్లో పెట్టాం. రైతుల మేకలకూ అక్కడే వైద్యం. ఒప్పందం ప్రకారం కబురు, అనుమతి జరిగాయో లేదో ఇరుపక్షాల కమిటీ అక్కడే చూసుకుంటుంది. తుపాకుల విషయం మేము ముట్టుకోలేదు. మేము తలపెట్టగలిగిన పని కాదది.

ఆ ఏడాది, అంటే 2022లో, పంట నష్టాలు లేకుండా పోలేదు. ఒక పల్లెలో మొలక తొక్కిన గొడవ కమిటీ దాకా వచ్చి పరిహారంతో తేలింది. ఇంకోచోట నెలలు గడిచినా తేలలేదు. విత్తన సంతల దగ్గర మాత్రం ఎవరూ ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు. అది మా విశ్లేషణ గొప్పతనమా, ఆ ఏడాది మందలు కాస్త ముందుగా వెళ్లిపోవడమా అని అడిగితే రెండూ అంటాను. డబ్బిచ్చిన సంస్థకూ అలాగే రాశాను. వాళ్లకు ఇంకాస్త గట్టి వాక్యం కావాలి, నేను ఇవ్వలేదు.

2023 ఏప్రిల్‌లో పొరుగున సూడాన్‌లో యుద్ధం మొదలైంది. ఏళ్ల క్రితం అటు వెళ్లినవాళ్లు మూటలతో తిరిగి రావడం మొదలుపెట్టారు. కొందరికి ఇక్కడ భూమి లేదు, కొందరి భూమి ఇంకొకరు దున్నుకుంటున్నారు. ఉత్తరం నుంచి వచ్చే సరుకు తగ్గి సంతలో ధరలు పెరిగాయి. మా గోడ మీది కాగితాల్లో ఈ తిరిగొచ్చినవాళ్ల గడి అసలు లేనేలేదు. మళ్లీ ఉత్తరం, సంతకం, ముద్ర. ఈసారి జట్టులో ఖార్టూమ్ నుంచి తిరిగొచ్చిన ఒక టీచరమ్మను తీసుకున్నాం. విత్తన కూపన్ల జాబితా ఎవరు రాయాలన్న దగ్గర్నుంచే ఆమె ప్రశ్నలు మొదలుపెట్టింది.